పరగడుపు మాత్ర: కారణం, వేళ, గడువు తెలిసి వాడుకుందాం

తెల్లవారి లేవగానే ముఖం కడుక్కుని, కాఫీకి ముందు ఒక గ్యాస్ మాత్ర వేసుకోవడం నేడు అనేక ఇళ్ళలో నిత్యకృత్యమైపోయింది. ఆ మాత్రను ఎవరు రాసిచ్చారని అడిగితే, ఎప్పుడో జ్వరం వచ్చినప్పుడు మందుల చీటీలో ఉన్నదని ఒకరు, మోకాళ్ళ నొప్పుల మాత్రతో పాటు ఇచ్చారని మరొకరు, పక్కింటివారికి గుణమిచ్చిందని ఇంకొకరు చెబుతారు. ఎంతకాలంగా వేసుకుంటున్నారని అడిగితే జవాబు సంవత్సరాల లెక్కలో వస్తుంది. ఎందుకు వేసుకుంటున్నారని అడిగితే మాత్రం, మానితే మంట పుడుతుందన్న ఒక్క మాటే వినవస్తుంది.

ఈ మందులు చెడ్డవి కావు. కడుపులో పుండు పడి రక్తం కక్కుకుని ప్రాణం మీదికి వచ్చే రోగులు ఒకప్పుడు శస్త్రచికిత్సకు గురి కావలసి వచ్చేది. ఈ మందుల మూలంగా అటువంటి శస్త్రచికిత్సల అవసరం ఎంతో తగ్గిపోయింది. అయితే ఎంత మంచి మందైనా కారణం తెలియకుండా, వేళ తప్పి, గడువు లేకుండా వాడితే మేలు తగ్గి కీడు పెరుగుతుంది. ముఖ్యంగా అది అసలు జబ్బును కప్పిపుచ్చి, తెలుసుకోవలసిన సమయంలో తెలియకుండా చేస్తుంది. కనుక ఈ మాత్రల గురించి ప్రతి కుటుంబమూ తెలుసుకోవలసిన విషయాలను ఇక్కడ వివరిస్తున్నాము.

ఆమ్లం శత్రువు కాదు

మన జీర్ణాశయం గోడలలోని కణాలు హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని స్రవిస్తాయి. మాంసకృత్తులను అరిగించడానికి, ఆహారంతో పాటు లోపలికి వచ్చే సూక్ష్మజీవులను చంపడానికి, ఇనుము వంటి ఖనిజాలను, బి12 విటమినును శరీరం గ్రహించడానికి ఈ ఆమ్లం సహాయపడుతుంది. ఇంత ఘాటైన ఆమ్లం కడుపునే కరిగించకుండా లోపలి గోడపై జిగురు పొర ఒకటి రక్షణగా ఉంటుంది.

బాధ రెండు విధాలుగా మొదలవుతుంది. ఆ జిగురు పొర దెబ్బతిన్నప్పుడు ఆమ్లం గోడను తాకి పుండు పడుతుంది. లేదా కడుపుకూ అన్నవాహికకూ మధ్యనున్న కవాటం వదులై ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. అన్నవాహికకు ఆ రక్షణ పొర లేదు గనుక రొమ్ము వెనుక మంట, నోట్లోకి పులినీళ్ళు, పులిత్రేన్పులు వస్తాయి. దీన్నే మనం గుండెల్లో మంట అంటాము. పేరులో గుండె ఉన్నా ఇది గుండె జబ్బు కాదు. అయినా ఈ పేరు వల్లనే కొన్ని పొరపాట్లు జరుగుతున్నాయి. వాటిని తరువాత చూద్దాము.

ఒక సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. కడుపు ఉబ్బరం, అపానవాయువు, పొట్టలో గుడగుడ, ఇవన్నీ గ్యాస్. ఆమ్లం వేరు, గ్యాస్ వేరు. ఆమ్లాన్ని తగ్గించే మాత్రకు గ్యాస్ మాత్ర అన్న పేరు స్థిరపడిపోయినా, ఒట్టి ఉబ్బరానికి అది పెద్దగా పనిచేయదు. పప్పుదినుసులు, పాలు పడకపోవడం, మలబద్ధకం, హడావుడిగా తినడం వంటి కారణాలను వెదకి సరిచేసుకోవడమే దానికి మార్గం.

మూడు రకాల మందులు

ఆమ్లానికి వాడే మందులన్నీ ఒకటి కావు. ముఖ్యంగా మూడు రకాలున్నాయి.

మొదటిది, ఉన్న ఆమ్లాన్ని అప్పటికప్పుడు విరిచే మందులు. జెలుసిల్, డైజీన్ వంటి పేర్లతో దొరికే గులాబిరంగు ద్రవాలు, చప్పరించే బిళ్ళలు ఈ రకానివి. వీటిలో మెగ్నీషియం, అల్యూమినియం లవణాలు ఉంటాయి. నిమిషాల్లో ఉపశమనం ఇస్తాయి, గంట రెండు గంటల్లో ప్రభావం తగ్గిపోతుంది. మెగ్నీషియం ఎక్కువైతే విరేచనాలు, అల్యూమినియం ఎక్కువైతే మలబద్ధకం కలుగుతాయి. నీళ్ళలో కలుపుకుంటే పొంగే ఉప్పు పొడులు, వంటింటి తినే సోడా కూడా ఈ కోవకు చెందినవే. వీటిలో సోడియం అధికం కనుక రక్తపోటు, గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వీటి జోలికి పోరాదు.

రెండవది, ఆమ్లం స్రవించమని కణాలకు అందే సంకేతాన్ని అడ్డుకునే మందులు. స్కాట్లండుకు చెందిన శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్ పరిశోధనల ఫలితంగా సిమెటిడిన్ అనే మందు 1976లో బ్రిటన్‌లో విడుదలైంది. ఆయనకు 1988లో నోబెల్ బహుమతి లభించింది. తరువాత వచ్చిన రానిటిడిన్, ఫామోటిడిన్ ఈ కుటుంబానివే. ఇవి గంటలోపు పనిచేయడం మొదలుపెడతాయి. రాత్రివేళ మంటకు బాగా ఉపకరిస్తాయి. రోజూ వాడుతూ పోతే కొద్ది వారాల్లోనే పట్టు తగ్గుతుంది. రానిటిడిన్‌లో ఎన్.డి.ఎం.ఎ. అనే హానికర కల్మషం ఏర్పడుతున్నదని 2019లో బయటపడగా, 2020 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దానిని విపణి నుంచి తొలగించమన్నది. మన దేశంలో 2022లో సవరించిన అత్యవసర ఔషధాల జాతీయ జాబితా నుంచి కూడా దీనిని తొలగించారు. ఇంట్లో ఇంకా ఈ మాత్రలుంటే, బదులుగా ఏమి వాడాలో వైద్యుని అడిగి మార్చుకోవడం మంచిది.

మూడవది, నేడు అత్యధికంగా వాడుకలో ఉన్న రకం. ఆమ్లాన్ని వెలికి నెట్టే కణాలలోని పంపులనే ఇవి మూసివేస్తాయి. ఒమిప్రజోల్, పాంటోప్రజోల్, రాబిప్రజోల్, ఇసోమిప్రజోల్, లాన్సోప్రజోల్ ఈ రకానివి. ఒమిప్రజోల్ 1988లో వాడుకలోకి వచ్చింది. వీటి బలం ఎక్కువ, కాని తక్షణ ఉపశమనానికి ఉద్దేశించినవి కావు. పూర్తి ప్రభావం కనిపించడానికి 3, 4 రోజులు పడుతుంది. మంట పుట్టినప్పుడు ఒక మాత్ర, లేనప్పుడు మానడం అనే పద్ధతి వీటికి అంతగా నప్పదు. వోనోప్రజాన్ అనే మరో కొత్త మందు కూడా ఇటీవల మన దుకాణాలకు వచ్చింది. దానిని వైద్యుని సలహాపైనే వాడాలి.

స్ట్రిప్‌పై కంపెనీ పెట్టిన పేరు ఏదైనా, మందు అసలు పేరు కూడా ముద్రించి ఉంటుంది. ఆ పేరు ప్రజోల్ అని ముగిస్తే మూడవ రకమని, టిడిన్ అని ముగిస్తే రెండవ రకమని సాధారణంగా గుర్తించవచ్చు. అయితే ప్రజోల్ అన్న తోక మానసిక వ్యాధుల మందు ఒకదానికి కూడా ఉన్నది. కనుక సందేహం కలిగినప్పుడు దుకాణదారును అడిగి నిర్ధారించుకోవాలి.

వేళ తప్పితే సగం ఫలమే

మూడవ రకం మాత్రలు పనిచేసే తీరును గ్రహిస్తే వేళ ఎందుకు ముఖ్యమో అర్థమవుతుంది. కడుపులోని పంపులు ఆహారం రాగానే పని మొదలుపెడతాయి. పనిలో ఉన్న పంపునే మందు మూయగలదు. మందు రక్తంలో కలిసేటప్పటికి ఆహారం కడుపుకు చేరాలి. అందువల్ల ఉదయపు ఫలహారానికి అర గంట నుంచి గంట ముందు మాత్ర వేసుకోవాలి. పరగడుపున మాత్ర వేసుకుని మధ్యాహ్నం దాకా ఏమీ తినకుండా పొలానికి వెళ్ళిపోతే దాని ప్రయోజనం బాగా తగ్గిపోతుంది. భోజనం చేసి పడుకోబోయే ముందు వేసుకోవడమూ అటువంటిదే. రోజుకు రెండు మాత్రలు రాసినట్లయితే రెండవది రాత్రి భోజనానికి అర గంట ముందు వేసుకోవాలి.

ఈ మందుకు ఆమ్లమంటే పడదు. అందుకే కడుపు దాటి పేగులోకి చేరిన తరువాతే కరిగేలా పైపూత పూస్తారు. మాత్రను నమిలినా, పొడి చేసినా, విరిచినా ఆ పూత పోతుంది. మింగలేని వృద్ధులకు ఏ రూపంలో ఇవ్వాలో వైద్యుని అడగాలి. క్యాప్సూల్ విప్పినా లోపలి గుళికలను నలపరాదు.

మొదటి రకం ద్రవాలను భోజనమైన గంట తరువాత, అవసరమైతే పడుకునే ముందు తీసుకోవచ్చు. కాని ఇవి ఇతర మందులను తమతో కలుపుకుని శరీరానికి అందకుండా చేస్తాయి. ఇనుము బిళ్ళలు, డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వంటి సూక్ష్మజీవి నాశకాలకు కనీసం 2 గంటలు, థైరాయిడ్ మాత్రకు 4 గంటలు ఎడం ఉండాలి.

ఎవరికి, ఎంతకాలం

ఆమ్లం పైకి ఎగదన్నే బాధ తరచుగా ఉన్నవారికి సాధారణంగా 4 నుంచి 8 వారాలు మూడవ రకం మందు ఇస్తారు. కడుపులో గాని చిన్నపేగు మొదట్లో గాని పుండు ఉన్నప్పుడు కూడా దాదాపు అంతే కాలం. ఆ తరువాత మానగలమా, తగ్గించగలమా అన్న ప్రశ్న వైద్యునితో కలిసి వేసుకోవాలి.

పుండు పడడానికి రెండు ముఖ్య కారణాలున్నాయి. హెలికోబ్యాక్టర్ పైలోరై అనే సూక్ష్మజీవి ఒకటి, నొప్పి మాత్రలు రెండవది. ఆస్ట్రేలియాకు చెందిన రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ అనే వైద్యులు 1982లో ఈ సూక్ష్మజీవిని వెలికితీశారు. వారికి 2005లో నోబెల్ బహుమతి లభించింది. అంతవరకు కారం, దిగులు వల్లనే పుండు వస్తుందని లోకం నమ్మేది. ఈ సూక్ష్మజీవి ఉన్నవారికి కేవలం ఆమ్లం తగ్గించే మాత్ర ఇస్తే ఉపశమనం కలిగి, మానగానే పుండు తిరగబెడుతుంది. రెండు రకాల సూక్ష్మజీవి నాశకాలతో కలిపి సాధారణంగా 14 రోజులు చికిత్స చేస్తే వేరు తెగుతుంది. శ్వాస ద్వారా గాని, మలం ద్వారా గాని చేసే పరీక్షలో ఇది తెలుస్తుంది. పరీక్షకు ముందు 2 వారాలు మూడవ రకం మాత్రను ఆపకపోతే, సూక్ష్మజీవి ఉన్నా లేనట్లు ఫలితం రావచ్చు. కనుక ఆ సంగతి పరీక్ష చేసేవారికి ముందే చెప్పాలి.

నొప్పి మాత్రల సంగతి మన పల్లెలలో మరీ ముఖ్యమైనది. కోత పనులు ముగిసి నడుము నొప్పి అనగానే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి దుకాణంలో విడిగా కొని మింగడం అలవాటైపోయింది. ఇవి కడుపులోని జిగురు పొరను బలహీనపరుస్తాయి. మంట పుడితే గ్యాస్ మాత్ర కలుపుతారు. మంట తగ్గిన ధైర్యంతో నొప్పి మాత్రను ఇంకా కొనసాగిస్తారు. కడుపుకు కొంత రక్షణ దొరికినా మూత్రపిండాలకు, గుండెకు నొప్పి మాత్ర చేసే హాని గ్యాస్ మాత్ర వల్ల ఆగదు. ఇటువంటి వారికి మొదటి చికిత్స నొప్పి మాత్రను తగ్గించడం. చాలా నొప్పులకు పారాసిటమాల్, కాపడం, వ్యాయామం సరిపోతాయి.

అయితే గుండె జబ్బుకు యాస్పిరిన్ వాడుతున్నవారు, కీళ్ళవాతానికి నొప్పి మాత్ర తప్పనివారు, వృద్ధులు, గతంలో పుండు పడి రక్తం పోయినవారు రక్షణ కోసం మూడవ రకం మాత్రను దీర్ఘకాలం వేసుకోవలసి రావచ్చు. వారికిది కవచం. ఈ వ్యాసం చదివి అటువంటివారు తమంతట తాము మానరాదు.

గడువు దాటితే

ఏళ్ళ తరబడి ఈ మాత్రలు వాడేవారిలో కొందరికి కొన్ని ఇబ్బందులు గమనించారు. ఆమ్లం తగ్గినప్పుడు ఆహారంలోని బి12 విటమిను సరిగా అందదు. 2 సంవత్సరాలకు మించి వాడేవారిలో ఈ లోపం ఎక్కువగా కనిపించింది. చక్కెర వ్యాధికి మెట్‌ఫార్మిన్ వాడేవారిలోను, శాకాహారులలోను బి12 అసలే తక్కువగా ఉండవచ్చు గనుక వారు మరింత జాగ్రత్త పడాలి. అరికాళ్ళ తిమ్మిర్లు, నీరసం, మతిమరుపు ఉంటే రక్తపరీక్ష చేయించుకోవాలి. రక్తంలో మెగ్నీషియం తగ్గి కండరాలు పట్టేయడం, గుండె దడ కలుగవచ్చునని అమెరికా సంస్థ 2011లో హెచ్చరించింది. ఎముకలు విరిగే అవకాశం కొంత పెరగవచ్చునని అంతకు ముందు సంవత్సరం హెచ్చరించింది. అరుదుగా మూత్రపిండాలలో వాపు రావచ్చు. ఈ మందుల కాగితాలలో మూత్రపిండాల హానిని గురించిన హెచ్చరిక చేర్చాలని మన దేశ ఔషధ నియంత్రణాధికారి 2019లో సూచించారు.

ఇవి విని భయపడనక్కరలేదు. 2019లోనే వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో 17 వేలకు పైగా రోగులకు సుమారు 3 సంవత్సరాల పాటు సగం మందికి పాంటోప్రజోల్, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. పేగు అంటువ్యాధులు కొద్దిగా ఎక్కువ కావడం తప్ప మిగిలిన ప్రమాదాలలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. అంటే అవసరమైనవారికి ఈ మందు సురక్షితమనే చెప్పాలి. అవసరం లేనివారికి మాత్రం చిన్న ప్రమాదం కూడా అనవసరమైన ప్రమాదమే.

మానితే మంట ఎందుకు పుడుతుంది

మానగానే మంట తిరిగి వస్తున్నది కనుక జబ్బు అలాగే ఉన్నదని చాలామంది భావిస్తారు. అది ఎల్లప్పుడూ నిజం కాదు. మాత్ర వల్ల ఆమ్లం తగ్గినప్పుడు శరీరం దానిని పూడ్చుకోవడానికి ఆమ్లం స్రవింపజేసే హార్మోనును పెంచుతుంది. మాత్ర హఠాత్తుగా ఆపితే ఆ పెరిగిన ప్రేరణ మిగిలి, కొద్ది వారాలు ఆమ్లం మామూలు కంటే ఎక్కువ వస్తుంది. 2009లో డెన్మార్క్‌లో 120 మంది ఆరోగ్యవంతులపై ఒక పరీక్ష జరిగింది. ఏ కడుపు బాధా లేని వారిలో సగం మందికి 8 వారాలు ఇసోమిప్రజోల్ ఇచ్చి ఆపారు. ఆ తరువాతి వారాల్లో వారిలో 44 శాతం మందికి మంట, పులిత్రేన్పులు వచ్చాయి. మందు లేని మాత్ర తిన్నవారిలో అది 15 శాతమే. అంటే జబ్బు లేనివారికి కూడా మాత్ర మానడమే మంటకు కారణమైంది.

కాబట్టి వైద్యుడు మానవచ్చునని చెప్పిన తరువాత మెల్లగా మానాలి. రోజుకు రెండు వేసుకునేవారు ఒకటికి, ఒకటి వేసుకునేవారు తక్కువ మోతాదుకు లేదా రోజు విడిచి రోజుకు తగ్గించుకుని, 2 నుంచి 4 వారాల్లో ఆపవచ్చు. నడుమ మంట పుడితే మొదటి రకం ద్రవాన్ని తాగి ఓర్చుకోవాలి. రెండు నెలలు దాటినా బాధ తగ్గకపోతే తిరిగి వైద్యుని చూడాలి.

ఇదే కాలంలో అలవాట్లు సరిదిద్దుకుంటే ఫలితం నిలుస్తుంది. రాత్రి భోజనానికీ నిద్రకూ మధ్య 3 గంటలు ఎడం ఉండాలి. మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టి 6 నుంచి 8 అంగుళాలు ఎత్తు చేసుకోవాలి. ఒట్టి దిండ్లు ఎత్తుగా పెట్టుకుంటే పొట్ట మడతపడి బాధ పెరగవచ్చు. ఎడమవైపు తిరిగి పడుకోవడం మేలు. అధిక బరువు తగ్గించుకోవాలి. పొగ, గుట్కా, మద్యం మానాలి. ఊరగాయ, పులుసు, కాఫీ అందరికీ పడకపోవని నియమమేమీ లేదు. ఎవరికి ఏది పడదో వారు గమనించి దానిని మాత్రమే తగ్గించుకుంటే చాలు.

డి అక్షరం చూసుకోండి

మందు పేరు చివర డి లేదా డి.ఎస్.ఆర్. అని ఉంటే సాధారణంగా అందులో ఆమ్లం మందుతో పాటు డాంపెరిడోన్ అనే వాంతి మందు కూడా కలిసి ఉన్నదని అర్థం. ఇది కొందరిలో గుండె లయను తప్పించే ప్రమాదమున్నది. రోజుకు 30 మిల్లీగ్రాములకు మించకుండా, సాధారణంగా వారం రోజులకు మించకుండా వాడాలని ఐరోపా ఔషధ సంస్థ 2014లో పరిమితి విధించింది. గుండె జబ్బు, కాలేయ జబ్బు ఉన్నవారికి, క్లారిత్రోమైసిన్, ఫ్లూకోనజోల్ వంటి మందులు వాడేవారికి ప్రమాదం ఎక్కువ. వాంతి లేని మనిషి ఈ జంట మందును నెలల తరబడి మింగడంలో అర్థం లేదు.

గుండెకు స్టెంటు వేయించుకుని క్లోపిడోగ్రెల్ వాడేవారు ఒమిప్రజోల్, ఇసోమిప్రజోల్ వేసుకోరాదు. క్లోపిడోగ్రెల్ శక్తిని అవి తగ్గిస్తాయి. వారికి వైద్యులు సాధారణంగా పాంటోప్రజోల్ రాస్తారు. దుకాణంలో అది లేదని వేరొకటి ఇస్తే తీసుకోరాదు.

గర్భిణులకు గుండెల్లో మంట సర్వసాధారణం. కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తినడంతో మొదలుపెట్టి, తగ్గకపోతే వైద్యుని అడిగి మందు వాడాలి. తినే సోడా తాగరాదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు అల్యూమినియం, మెగ్నీషియం మందులను అడగకుండా వాడరాదు. పసిబిడ్డలు పాలు కక్కడం చాలావరకు సహజం. పెద్దల మందును వారికి చుక్కలుగా పోయడం ప్రమాదకరం.

మాత్ర కాదు, ఆసుపత్రి కావలసిన వేళ

రక్తపు వాంతి గాని కాఫీ పొడి రంగు వాంతి గాని, తారులాగా నల్లగా జిగటగా దుర్వాసనతో విరేచనం, ముద్ద దిగకపోవడం, మింగుతుంటే నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, ఆగని వాంతులు, ఇవి కనిపిస్తే ఇంట్లో మాత్ర వేసుకుని కూర్చోరాదు. ఇనుము బిళ్ళలు వేసుకునేవారికి కూడా మలం నల్లబడుతుంది. కాని అది తారులాగా జిగటగా ఉండదు. సందేహమైతే చూపించుకోవడమే శ్రేయస్కరం. 50 ఏళ్ళు దాటిన తరువాత కొత్తగా కడుపు బాధ మొదలైనవారికి ఎండోస్కోపీ పరీక్ష అవసరం కావచ్చు. కడుపులోని కంతి నొప్పిని సైతం ఈ మాత్రలు కొంతకాలం తగ్గించి, రోగ నిర్ధారణను ఆలస్యం చేయగలవు.

అన్నింటికంటే ముఖ్యమైనది గుండెపోటు. రొమ్ము నడుమ బరువుగా నొక్కినట్లుండి, ఎడమ చేతికో దవడకో వీపుకో పాకే నొప్పి, చెమటలు, ఆయాసం, నడిస్తే ఎక్కువ కావడం గుండెపోటు లక్షణాలు. స్త్రీలలో, వృద్ధులలో, చక్కెర వ్యాధి ఉన్నవారిలో నొప్పి లేకుండా ఒట్టి ఆయాసం, వికారం, పైకడుపు బాధగా రావచ్చు. గ్యాసేమో అనుకుని పొంగే ఉప్పు తాగించి, తగ్గుతుందేమోనని తెల్లవారే దాకా చూసే అలవాటు ప్రాణాలు తీస్తున్నది. త్రేన్పు వచ్చి కాస్త హాయిగా అనిపించినంత మాత్రాన గుండెపోటు కాదని చెప్పలేము. ఇటువంటి లక్షణాలుంటే వెంటనే 108కి ఫోన్ చేయాలి లేదా దొరికిన వాహనంలో ఇ.సి.జి. తీసే ఆసుపత్రికి చేర్చాలి.

సరిహద్దు ఇళ్ళకు మరికొన్ని మాటలు

మన ఊళ్ళవారు వైద్యం కోసం సరిహద్దు దాటడం మామూలే. హోసూరువారు బెంగుళూరుకు, రాయగడవారు విశాఖపట్నానికి, యానాంవారు కాకినాడకు, సిరొంచవారు వరంగల్లుకు వెళుతుంటారు. ఒక రాష్ట్రంలో ఒక వైద్యుడు, మరో రాష్ట్రంలో మరో వైద్యుడు చూసినప్పుడు వేరువేరు కంపెనీ పేర్లతో ఒకే మందు రెండు చీటీలలోను ఉండవచ్చు. ఒక స్ట్రిప్‌లో పాంటోప్రజోల్, మరొక స్ట్రిప్‌లో రాబిప్రజోల్ ఉంటే రెండూ ఒకే పని చేసేవి, రెండూ వేసుకోనక్కరలేదు. ఇంట్లో చదువుకునే పిల్లల చేత స్ట్రిప్‌పై ఉన్న అసలు పేర్లను తెలుగులో ఒక కాగితంపై రాయించి, ఏది ఎందుకు, ఏ వేళకు, ఏ తేదీ వరకు అన్న నాలుగు వివరాలతో ఆ కాగితాన్ని, పాత చీటీలను వెంట తీసుకుని వెళ్ళాలి. జన ఔషధి కేంద్రాలలో అసలు పేరు చెబితే అదే మందు తక్కువ ధరకు లభిస్తుంది.

భాష కూడా చిక్కు తెస్తుంది. గుండెల్లో మంట అన్న మన పలుకుబడిని పరభాషా వైద్యునికి మాటకు మాటగా అనువదిస్తే ఆయన గుండె జబ్బని అనుకోవచ్చు. నిజంగా గుండె నొప్పి వచ్చినప్పుడు గ్యాస్ అని చెబితే ఆయన దానిని తేలికగా తీసుకోవచ్చు. ఈ మంటను కన్నడంలో ఎదె ఉరి అని, తమిళంలో నెంజెరిచ్చల్ అని, మరాఠీలో ఛాతీత్ జళజళ అని, ఒడియాలో ఛాతి జళాపోడా అని అంటారు. ఏ భాషలోనైనా ఒట్టి గ్యాస్ అని చెప్పి ఊరుకోకుండా, ఎక్కడ బాధ, ఎప్పుడు వస్తుంది, తింటే పెరుగుతుందా తగ్గుతుందా, నడిస్తే పెరుగుతుందా, ఏయే నొప్పి మాత్రలు వేసుకుంటున్నారు అన్న వివరాలు చెప్పాలి. చేతితో చోటు చూపించినా సరిపోతుంది.

మూడవ రకం మాత్రల స్ట్రిప్‌పై ఎర్రని గీత ఉండడం గమనించే ఉంటారు. వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని దాని అర్థం. అడగగానే ఇస్తున్నారు కనుక అపాయం లేనిదని భావించరాదు.

ఈ వారం మీ ఇంటి మందుల డబ్బా ఒకసారి తెరిచి చూడండి. అందులో ప్రజోల్ అన్న పేరు కనిపిస్తే, అది ఎవరిదో వారిని దగ్గర కూర్చోబెట్టుకుని మూడు ప్రశ్నలు అడగండి. ఏ కారణానికి వేసుకుంటున్నారు? ఏ వేళకు వేసుకుంటున్నారు? ఎంతకాలం వేసుకోమన్నారు? మూడింటికీ జవాబు ఉంటే నిశ్చింతగా కొనసాగించవచ్చు. ఏ ఒక్కదానికి జవాబు లేకపోయినా, ఈసారి వైద్యుని వద్దకు వెళ్ళినప్పుడు ఆ స్ట్రిప్‌ను వెంట తీసుకుని వెళ్ళి, ముందుగా ఆ ప్రశ్ననే అడగండి.